గుట్టెక్కిన వైఫై డబ్బా

నేను ఒక వైఫై డబ్బాను. అరచేయి వెడల్పు ఒళ్ళు, నెత్తిన రెండు కొమ్ములు, మూతిమీద వరసగా దీపాలు. ఆకారం చూసి మోసపోకండి, నాకు నిలకడ బొత్తిగా లేదు. పుట్టినప్పటినుంచీ కళ్ళు టపటపలాడిస్తూనే ఉన్నాను. మీ పిల్లవాడు కాసేపు కుదురుగా కూర్చోకపోతే "కాలు ఒకచోట నిలవదేమిరా" అని కసురుతారే, ఇక నన్ను చూస్తే ఏమంటారో! గోడకు మేకు కొట్టి వేలాడదీసినా నాకు లోపల పరుగే. ఈ కథ కూడా పరిగెత్తుతూనే చెబుతాను, వెనకపడితే నన్ననకండి.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, పెద్ద రేకుల షెడ్డులో. నా కడుపులో పచ్చటి పలక పెట్టి మూత బిగించిన పిల్ల, చేతిలో పని వదిలేసి మాటిమాటికీ బయటికి పరుగెత్తేది. ఎందుకయ్యా అంటే ఇంటికి ఫోన్ చేయడానికి లోపల సిగ్నల్ లేదట. సిగ్నల్ డబ్బాలు చేసే చోట సిగ్నల్ లేదు! మనుషుల మీద నాకు మొదటిసారి నవ్వొచ్చింది అక్కడే.

తర్వాత గోదాము. నా అట్టపెట్టె మీద "పల్లెపల్లెకూ వెలుగు" అని ఇంత లావు అక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాలను చాలాకాలం ఎలుకలే చదివాయి. కరెంటు లేదు, దీపం లేదు, నాబోటి పరుగుపిల్లిని కట్టిపడేసినట్టు. ఎంత వేసారిపోయానో మీకేం తెలుసు. ఆఖరికి ఒకరోజు కేబుల్ పని చేసే ఖలీం వచ్చి, మా దుమ్ము దులిపి, సంచిలో వేసుకుని బండెక్కించాడు. అలా చేరాను బండమీదిపల్లెకు.

జగిత్యాల వైపు ఊరది. ఊరికీ సెల్ టవరుకూ మధ్య అడ్డంగా ఒక గుట్ట. కింద ఊళ్ళో ఫోన్ పనిచేయదు. మాట్లాడాలంటే గుట్టెక్కాలి. గుట్టమీద ఒక చదునైన బండ ఉంది, దాని పేరే ఫోన్‌బండ. అక్కడికెక్కితే మాట వరకు వినబడుతుంది, బొమ్మ రాదు. బాలింత కబురైనా, బాకీ కబురైనా, కోడలి మీద చాడీ అయినా అక్కడికెక్కి అరవాల్సిందే. ఒకరు అరుస్తుంటే తర్వాతి వంతువాళ్ళు పక్కనే కూర్చుని వింటారు. అందుకని ఆ ఊళ్ళో గుట్టు అనేది ఎవరికీ ఉండేది కాదు. పెళ్ళి సంబంధాలు సగం ఆ బండమీదే కుదిరాయి, సగం ఆ బండమీదే చెడిపోయాయి.

నన్ను పంచాయతీ ఆఫీసు గోడకు బిగించిన రోజు సర్పంచ్ లింబన్న కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు నామీద చిందకుండా ఖలీం అడ్డం నిలబడి కాపాడాడు. లింబన్న మీసం దువ్వి, "ఇగ మన ఊరు, పట్నం ఒక్కటే. గుట్టలెక్కి మోకాళ్ళు అరుగుడు బందు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నాకు ఊపిరి సలిపితే ఒట్టు.

ఏమని చెప్పను! షుగరుతో కాలు పుండుపడ్డ పెద్దాయన పెద్దాసుపత్రి డాక్టరుకు కాలు చూపించింది నాలోంచే, ఆ కాలు నిలిచింది. మక్కజొన్నల ధర తెలుసుకుని దళారిని వెళ్ళగొట్టిందీ నాలోంచే. అలాగే, ఉప్పుకు కరువొస్తుందని ఎవడో పుట్టించిన పుకారు కూడా నాలోంచే వచ్చింది. ఊరు ఊరంతా పరుగెత్తి సంచులకొద్దీ ఉప్పు కొని, ఆ వానాకాలమంతా నీరుకారే ఉప్పును చూసి ఒకరినొకరు తిట్టుకున్నారు. నన్నేం చేయమంటారు? నిజమూ అబద్ధమూ నాకు ఒకే బరువు. ముందొచ్చినదాన్ని ముందు దాటిస్తాను, అంతే.

కొన్నాళ్ళకు లింబన్నకు భయం పట్టుకుంది. "ఆఫీసుల దొంగలు పడుతరు" అని నన్ను ఊడబీకి, తీగను సాగదీయించి, వాళ్ళింట్లో టీవీ పక్కన పెట్టించుకున్నాడు. దొంగల సంగతేమో కానీ, ఊళ్ళో కుర్రకారంతా ఆయన ప్రహరీ పొడవునా ఫోన్లు పట్టుకుని తిష్ట వేసింది. వాళ్ళావిడ అనసూయ తలుపు తీస్తే మనిషి, వేస్తే మనిషి. పాపం, ఆవిడ తల దువ్వుకోవడానికి కూడా చాటు లేకపోయింది.

"ఇల్లా ఇది, జాతరా? ఇది ఉంటదా ఇంట్ల, నేనుంటనా? తేల్చుకో!" అంది.

లింబన్న తేల్చుకున్నాడు. ఆ మధ్యాహ్నమే నేను వీధిన పడ్డాను. అప్పుడు నన్ను ఎత్తుకుపోయింది బీడీలు చేసే ఆడవాళ్ళు. మహిళా సంఘం గదిలో, వాళ్ళు కూర్చునే చోట గోడకు తగిలించుకున్నారు. దేనికనుకున్నారు? సీరియళ్ళు చూడటానికి! ఏ పుణ్యకార్యమైనా మనుషులు ఇలాంటి సాకుతోనే మొదలుపెడతారు.

ఆ గదిలో పొద్దున్నుంచి పొద్దుమీకేదాకా ఒకటే పని. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపి కత్తిరించిన తునికాకు. ఆకు తీసుకోవడం, పొగాకు వేయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. చేతులకు క్షణం తీరిక ఉండదు. చేతులు పనిలో ఉంటే నోళ్ళు ఖాళీ కదా, అందుకని అవి మరింత జోరుగా ఆడతాయి. ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర మాడిందో ఆ గదికి తెలియకుండా ఉండదు. చేతులు చేతుల పని, నోరు నోటి పని, ఒకదానికొకటి అడ్డం రావు. ఒక్క మనిషికి తప్ప.

ఆ మనిషి పేరు వినోద. గోడవార చివరి చాట ఆమెది. పుట్టు చెవిటి, మాట లేదు. చిన్నప్పుడు జిల్లాలోని చెవిటిపిల్లల బడిలో పదో తరగతిదాకా చదివింది. అక్కడ పిల్లలందరూ చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. చదువైపోయి ఊరికొచ్చేసరికి మాట్లాడే మనిషే లేదు. తండ్రి లేడు. తల్లి భూదవ్వ పక్కచాటలోనే కూర్చుంటుంది. తల్లికి తెలిసిన సైగలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. రమ్మనడం, పొమ్మనడం, వద్దనడం, ఇంకో రెండు మూడు. రాసి చూపిద్దామంటే భూదవ్వకు అక్షరం ముక్క రాదు. వినోదకూ రాత అంతంతమాత్రమే, చేతిమాటే ఆమె మాట. అలా ఆ తల్లీకూతుళ్ళు ఏళ్ళ తరబడి భుజం భుజం రాసుకుంటూ కూర్చుని, ఒక్క ముచ్చట కూడా చెప్పుకోలేదు.

నేను గోడకెక్కిన కొద్దిరోజులకు, వినోద తన ఫోన్ తెచ్చి ఎదురుగా తంబాకు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. అందరూ ఫోన్ చెవికి పెట్టుకుంటారు, ఈ పిల్ల ముఖానికెదురుగా పెట్టిందేమిటా అని నేనూ చూశాను. తెరమీద శైలజ అనే స్నేహితురాలు కనబడింది, బడిలో ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళట. వినోద చాట పక్కకు జరిపింది. చేతులు తుడుచుకుంది. ఇక మొదలుపెట్టింది చూడండీ! ఎన్నేళ్ళుగా మూట కట్టి ఉంచుకుందో, వేళ్ళు, మణికట్లు, కనుబొమలు, భుజాలు, ఒళ్ళంతా మాటే. గదిలో ఆడవాళ్ళ నోళ్ళన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి.

చేతిమాట నాకూ మొదట అర్థం కాలేదు. పొద్దస్తమానం మోస్తే మెల్లమెల్లగా పట్టుబడింది. ఒకటి మాత్రం వెంటనే తెలిసింది, ఈ పిల్ల మాట బరువు. నోటిమాట మోయడం నాకు ఎడమచేతి పని. చేతిమాట అలా కాదు, బొమ్మంతా చెక్కుచెదరకుండా దాటాలి. అవతల ఎవడో క్రికెట్ పెట్టాడంటే చాలు, శైలజ చేతులు ముక్కలు ముక్కలైపోయేవి. చెయ్యి సగమే కనబడితే మాట సగమే కదా! నేను గిలగిలలాడిపోయేదాన్ని. ఆటలను వెనక్కి నెట్టి ఈమెను ముందు పంపుదామంటే ఆ అధికారం నాకెవరిచ్చారు?

కానీ అసలు చిక్కు అది కాదు. మిగతావాళ్ళు మాట్లాడుతూ బీడీలు చుడతారు. వినోద మాట్లాడితే బీడీ చుట్టలేదు. చుడితే మాట్లాడలేదు. ఉన్నవి రెండే చేతులాయె. ఆమె నవ్వుతూ ముచ్చట్లాడుతుంటే పక్కన తడిపిన ఆకు ఎండిపోయి చిట్లేది. సాయంత్రం చాట చూసి భూదవ్వ గుండె బాదుకునేది.

"చేతులే మాట్లాడవట్టె, ఇగ బీడీలెవలు జేస్తరు? మీ తాత జేస్తడా?" అని కేకలేసేది. కూతురికి వినబడదని తెలుసు, అయినా వేసేది. కోపంకంటే భయమే ఎక్కువ ఆమెకు. తెరలో ఉన్నవాళ్ళు తనకు తెలియని మాటేదో చెప్పి పిల్లను ఎగరేసుకుపోతారని భయం. ఒకసారి ఫోన్ ఎత్తి కొంగులో దాచేసింది కూడా. వినోద ఏడవలేదు, వెతకలేదు. చాట ముందు కూర్చుని ఆకు తీసుకుంది. ఆ రోజంతా తల ఎత్తలేదు. ఆ వంగిన మెడను చూస్తూ కూర్చోవడం భూదవ్వ వల్ల కాలేదు. పొద్దుగూకేలోపే ఫోన్ తెచ్చి ఒడిలో పడేసింది.

అది కాదు భూదవ్వను మార్చింది. ఒక నవ్వు మార్చింది. శైలజ ఏదో వార్డెనమ్మ నడకను అనుకరించి చూపించింది. వినోద తల వెనక్కి వేసి, గొంతెత్తి, గదంతా మోగేలా పకపక నవ్వింది. తన నవ్వు ఎంత పెద్దగా ఉందో తనకు తెలియదు. భూదవ్వ చేతిలో దారం జారిపోయింది.

"నా బిడ్డ నవ్వింది! ఇన్నరా? నా బిడ్డకు గింత నవ్వున్నదని నాకే తెల్వదుల్లా!" అని ఆమె అందరి ముఖాలూ చూసింది. ఆ రోజునుంచి కూతురి ఆకును మధ్యమధ్యలో తనే తడిపి పెట్టడం మొదలుపెట్టింది.

దసరా దగ్గరపడింది. శైలజ ఒక కబురు మోసుకొచ్చింది. వాళ్ళ పాత బడిలో చిన్నపిల్లల హాస్టలుకు ఒక మనిషి కావాలట. చేతిమాట వచ్చిన మనిషే కావాలి. వినోద పేరు పెద్దమేడంకు చెప్పిందట. పండుగ మరునాడు పొద్దున మేడం తనే వీడియోలో మాట్లాడుతుంది, వినోద మాటతీరు చూస్తుంది, ఆ పూటే తేల్చేస్తుంది. సెలవులు అయిపోతే పిల్లలొచ్చేస్తారు, ఆగడానికి లేదు.

ఆ కబురు అందాక వినోద కాలు నేలమీద నిలవలేదు. పొద్దున్నే జడ వేసుకోవడం, అద్దం ముందు చేతులు ఆడించుకోవడం, మళ్ళీ జడ విప్పి వేసుకోవడం. ఈ ఊళ్ళో ఆమెకు అన్నం ఉంది, గుడ్డ ఉంది, మాటే లేదు. అక్కడ బడినిండా మాటే. బీడీ మానేసి రోజంతా చేతులతో మాట్లాడటమే పనైతే, అంతకంటే ఏం కావాలి ఆ పిల్లకు! శైలజ ఎలాగో సైగలు తేలిక చేసి, బీడీ చాట తీసేయడం, బడి, పిల్లలు అని చూపిస్తే, భూదవ్వకు కూడా విషయం సగం అర్థమైంది. మిగతా సగం కూతురి ముఖమే చెప్పింది.

పండుగ రోజు ఊళ్ళో పనిముట్లకు పూజ. నాగళ్ళకు, ట్రాక్టర్లకు, కుట్టుమిషన్లకు బొట్లు. ఆడవాళ్ళు కత్తెరలూ చాటలూ కడిగి వరసగా పెట్టారు. భూదవ్వ మాత్రం స్టూలెక్కి నా దగ్గరికొచ్చింది. ఒళ్ళంతా పసుపు రాసింది. కొమ్ములకు బంతిపూలు చుట్టింది. "నా బిడ్డకు నోరిచ్చిన తల్లివి. రేపు జర దయసూడు" అని దండం పెట్టింది. అబ్బ, నాకు అంత గౌరవం ఎవరిచ్చారు! ఉబ్బితబ్బిబ్బయిపోయాను.

అంతటితో ఆగితే బాగుండేది. "మూలమంతా ఈ తీగలనే ఉన్నదట కద" అని నా కింది తీగను లాగింది. చివర జుట్టుకంటే సన్నటి గాజుపోగు, వెలుతురంతా దాని మొననుంచే నాలోకి రావాలి. ఆమె ఆ మొనను శ్రద్ధగా పసుపునీళ్ళలో ముంచింది. కొంగుతో తుడిచింది. నడినెత్తిన కుంకుమ బొట్టు పెట్టింది. కళ్ళకద్దుకుని మళ్ళీ నాలో గుచ్చింది.

అయిపోయింది. నాకు కళ్ళు చీకట్లు కమ్మాయి. వెలుతురు రాక ఎర్రదీపం కొట్టుకోవడం మొదలైంది. "ఓ తల్లో, తీగ పీకు, తుడువు!" అని ఎంత మొత్తుకున్నానో. నా మొత్తుకోలు అంతా ఆ ఎర్రదీపమే. దాన్ని చూసి ఆడవాళ్ళు లెంపలేసుకున్నారు. "సూడుర్రి, బొట్టు వెట్టంగనే ఎట్ల ఎర్రగ వెలుగుతున్నదో! పూజ అందుకున్నది" అన్నారు. భక్తి ముదిరితే చెప్పేదేముంది. ఆ పూట ఎవరికీ ఇంటర్నెట్ అక్కరలేదు, మాంసం కూరలూ జమ్మి ఆకులూ అలాయ్ బలాయ్ కౌగిలింతలూ సరిపోయాయి.

తెల్లవారింది. వినోద కొత్త చీర కట్టుకుని, ఫోన్ నిలబెట్టి కూర్చుంది. బొమ్మ రాలేదు. ఆపి పెట్టింది, తీసి పెట్టింది. నా ఎర్రదీపం చూసి ఆమె ముఖం పాలిపోయింది. ఖలీంకు కబురు చేద్దామంటే అతను పండుగకు చెల్లెలి ఊరు వెళ్ళాడు. బస్సు పండుగ మరునాడు రాదు. ఎవరి బండైనా ఎక్కి పక్కూరికి పోదామంటే, దసరా మరునాటి పొద్దున మా ఊరి మగవాళ్ళను లేపడం దేవుడి తరం కాదు. భూదవ్వ గడపగడపా తట్టింది. లోపలినుంచి గురకలే జవాబు.

అప్పుడు ఆమెకు ఆ ఆలోచన తట్టింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టదు. సిగ్నల్ లేకపోతే ఏం చేయాలి? గుట్టెక్కాలి! తాతలనాటినుంచీ అంతే కదా అన్నట్టు, స్టూలెక్కి, తీగలన్నీ లాగేసి, నన్ను చాటలో పెట్టి నెత్తికెత్తుకుంది.

వినోద పరుగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. గోడమీది తీగను చూపించింది, నన్ను చూపించింది, రెండు వేళ్ళు కలిపి విడదీసింది. తీగ లేకుండా ఇది పనిచేయదమ్మా అని ఎంత స్పష్టంగా చెప్పిందో! నాకు అర్థమైంది. భూదవ్వకు కాలేదు.

"వద్దంటవేందే? నీ కోసమే కదా పోతున్న. నడువు, యాళ్ళయితున్నది!" అని పైటచెంగు నడుముకు దోపి గుట్టదారి పట్టింది. వెనకాల కూతురు కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఏం చేయాలో తోచక, వెంట నడిచింది.

పొగాకు దుమ్ము పట్టిన ఛాతీ భూదవ్వది. నాలుగడుగులకొకసారి ఆయాసం. ఆమె నెత్తిమీద చాటలో నేను అటూ ఇటూ దొర్లుతూ, కరెంటు లేదు, తీగ లేదు, ఎందుకూ పనికిరాని ప్లాస్టిక్ ముద్దనై పైకి పోతున్నాను. నా బతుకులో పరుగు కాని పరుగు అదొక్కటే. ఫోన్‌బండ ఎక్కి ఆమె నన్ను రెండు చేతులా ఆకాశంలోకి ఎత్తిపట్టింది. "తల్లీ, పట్టుకో! సిగ్నల్ పట్టుకో!" అని వేడుకుంది. అయ్యో, నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

సరిగ్గా అప్పుడే వినోద చేతిలో ఫోన్ వణికింది. పెద్దమేడం. వీడియో కలవక మామూలుగా చేసింది. వినోద తెర చూసి, ఫోన్ తల్లికిచ్చింది. భూదవ్వ నన్ను బండమీద దించి ఫోన్ చెవికి పెట్టుకుంది.

"వినోద వాళ్ళమ్మేనా? బొమ్మ కలవటం లేదమ్మా. నేను ఇవాళ తేల్చాలి. పోనీ, నేనొకటి అడుగుతాను, నువ్వు ఆమెనడిగి జవాబు చెప్పు. ఆ మాటతో నాకు తెలిసిపోతుంది."

"అడుగుర్రి మేడం, అడుగుర్రి."

"చిన్నపిల్లలు కొత్తగా హాస్టలుకొస్తారు. ఇంటిమీద బెంగతో ఏడుస్తారు. అలా ఏడిస్తే ఏం చేస్తావ్? ఇది అడుగు."

భూదవ్వ కూతురివైపు తిరిగింది. నోరు తెరిచింది, మూసింది. చెయ్యి నడుము ఎత్తులో పెట్టి చిన్నపిల్ల అని చూపించింది. కళ్ళమీద వేళ్ళతో గీసి ఏడుపు అని చూపించింది. తర్వాత? 'ఏం చేస్తావ్' అని ఎలా చూపించాలి? 'బెంగ' ఎలా చూపించాలి? మళ్ళీ చిన్నపిల్ల, మళ్ళీ ఏడుపు. వినోద కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఏడుపు, ఏడుపు అంటోంది అమ్మ. అంటే మేడం కాదందన్నమాట. పని పోయిందన్నమాట. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"కాదే, కాదు! నిన్ను ఏడ్వమంటలేను! అడుగుతున్ననే..." భూదవ్వ కూతురి భుజాలు పట్టి ఊపింది. ఇక ఆమెకు చేతులాడలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని ఏడ్చేసింది. "నాకు రాదు మేడం. నా కడుపుల పుట్టింది, నా పక్కన కూసుంటది, దాని మాట నాకు రాదు. ఒక్క మాట సుత అడుగరాదు. మీకు జవాబు చెప్పలేను. దాని తప్పు లేదు మేడం, మీరు దాన్ని ఇడువకుర్రి."

దీపం లేకపోయినా నేనూ ఆ ఫోన్ వైపే చెవి ఒగ్గాను.

"అమ్మా, ఏడవకు" అంది మేడం. "ఇక్కడికొచ్చే పిల్లల తల్లులందరూ ఈ మాటే అంటారు. ఆ పిల్లలకు ఏం కావాలో నీ బిడ్డకు నేను నేర్పక్కర్లేదులే. బస్సు తిరగ్గానే పంపించు. నీకూ ఒక మాట. ఆమె దగ్గర నేర్చుకో."

దిగేటప్పుడు భూదవ్వ నన్ను బండమీదే మరిచిపోయి, కూతురి చెయ్యి పట్టుకుని సగం దూరం పోయి, మళ్ళీ వెనక్కొచ్చి ఎత్తుకుంది. కూతురికి విషయం ఎలా చెప్పిందంటారా? సైగలేం లేవు. నవ్వుతూ గట్టిగా వాటేసుకుంది. దాంతో అర్థమైపోయింది.

ఖలీం వచ్చి, తీగ మొన చూసి, "దీనికి బొట్టెవలు వెట్టిర్రు?" అని నోరు తెరిచాడు. "నేనే" అని భూదవ్వ గర్వంగా ముందుకొచ్చింది. ఖలీం కడుపు పట్టుకుని నవ్వి, ఆ మొన కత్తిరించి కొత్తది అతికించాడు. తర్వాత విషయం వివరించి చెబితే భూదవ్వ ముక్కుమీద వేలేసుకుంది. మరుసటి దసరాకు ఎవరూ నన్ను ముట్టుకోలేదు. దూరంనుంచే దండాలు పెట్టారు.

వినోద హాస్టలుకు వెళ్ళింది. ఊరు మాత్రం వింతగా మారింది. రోజూ మధ్యాహ్నం ఆమె తెరమీదికొచ్చి తల్లికి చేతిమాట నేర్పేది. ఇప్పుడు ఆకు ఎండేది భూదవ్వది! చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మొదట ఎగతాళి చేశారు, తర్వాత తామూ నేర్చుకున్నారు. సర్పంచ్ లింబన్న గదిలోకి వస్తే ఆయన ఎదురుగానే చేతులతో ఆయన మీద జోకులేసుకుని కిసుక్కుమనేవాళ్ళు. పాపం ఆయన తన మీసానికేమైందోనని తడుముకునేవాడు. చెడ్డపనులకు కూడా విద్య పనికొస్తుందని మనుషులు ఎంత త్వరగా కనిపెడతారో! కానీ సెలవులకు వినోద వస్తే, ఆ గదిలో ఆమెతో మాట్లాడటానికి వంతులు పెట్టుకునేవాళ్ళు.

నా సంగతా? ఇప్పుడు ఖలీం ఇంటి వెనక రేకుల కొట్టంలో, పాత తీగల గుట్టలో ఉన్నాను. నాకు వయసైపోయింది, ఒళ్ళు వేడెక్కి మధ్యమధ్యలో ఆగిపోయేదాన్ని. నా చోట నాలుగు కొమ్ములదాన్ని తగిలించాడు. కరెంటు లేదు, అయినా లోపల పరుగు ఆగలేదు. ఒక మధ్యాహ్నం మాటిమాటికీ గుర్తొస్తోంది. నన్ను మార్చేముందు నేను దాటించిన ఆఖరి పెద్ద మాట అది.

ఆ రోజు గదిలో భూదవ్వ ఒక్కతే ఉంది, మిగతావాళ్ళు పెళ్ళికెళ్ళారు. చాట పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. తెరమీద వినోద. ఆరోగ్యం, అన్నం, వాన అన్నీ అయ్యాయి. భూదవ్వ తడబడే వేళ్ళతో, ఒక్కొక్కటిగా చూపించింది.

"నువ్వు చిన్న. ఏడుపు, చాలా ఏడుపు. ఎందుకు?"

నాకు ఒళ్ళు కాలిపోతోంది, బొమ్మ ముక్కలవబోతోంది. ఈ ఒక్కటి దాటేదాకా ఆగకూడదని బిగబట్టుకున్నాను. వినోద చేతులెత్తింది.

"ఆకలి కాదు. ఏడిస్తే నువ్వు అన్నం తెచ్చావు. ఆకలి కాదు, అమ్మా. నువ్వు అందరితో మాట. నవ్వు, మాట. నాతో మాట కావాలి. అందుకు ఏడుపు."

భూదవ్వ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. చేతులు ముఖంమీద ఉన్నంతసేపు ఆమెకు మాట లేదు. తెరలో వినోద తొందరపెట్టలేదు. తన చేతులు ఒడిలో పెట్టుకుని, అమ్మ చేతులు దిగేదాకా కూర్చుంది.